ఆదివారం పాడిన పాట

ఎఫీ పాట శనివారం సాయంత్రం దీవి రేడియోలో వచ్చింది. ఆదివారమంతా ఆ ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. సోమవారం పొద్దున ఎనిమిది దాటినా తండ్రి ఫిన్లే మగ్గం మొదలవలేదు. వంటింటి కిటికీ దగ్గర, చల్లారిపోతున్న టీ పక్కన, కొట్టం వైపు చెవి పెట్టి నిలబడ్డ ఎఫీని పోయిన వారం అక్కడే విడిచి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో ఒక వారం తప్పిపోయినవారి కోసం రెండు మాటలు. ఎఫీ గ్లాస్గోలో ఏడేళ్లు పాటలు రాసుకుంటూ, చిన్న చిన్న చోట్ల పాడుకుంటూ గడిపింది. ఒక కంపెనీ వాళ్లు పిలిచి, "మీ దీవి భాష గేలిక్‌లో ఎందుకు, ఇంగ్లీషులో రాయి, వెనక డ్రమ్ములు మేం వేస్తాం" అంటే, వద్దని లేచి వచ్చేసింది. ఆమె లూయిస్ దీవిలోని సొంత ఊరికి తిరిగి రావడం, తల్లి షీనా మంచం పట్టడం ఒకే నెలలో జరిగాయి. షీనా పోయి ఇప్పటికి పది నెలలు. మేడ మీద తల్లి గదిలో, గోడలోకి కట్టిన బట్టల అరలో కూర్చుని, ఒక్క మైకూ ఒక పాత కంప్యూటరూ పెట్టుకుని ఎఫీ పదకొండు పాటలు రికార్డు చేసింది. చుట్టూ తండ్రి నేసిన ఉన్ని బట్ట తానులు వేలాడదీసింది. మాటల్లో ఊపిరి మైకుకి కొట్టకుండా తీగ చుట్టకి తల్లి మేజోడు బిగించింది. శుక్రవారం ఆ పదకొండూ తన పేరుతో, తన చేత్తో లోకంలోకి పంపాలి. మధ్యలో ఏ కంపెనీ లేదు.

పది పాటలతో ఇబ్బంది లేదు. వాటి వెనక మగ్గం చప్పుడు కాస్త వినబడినా గిటారులో కలిసిపోయింది. ఒక పాటకైతే దాన్నే తాళంగా వాడుకుంది. పదకొండోది అమ్మ పాట. దానికి వాయిద్యం లేదు. గొంతు ఒక్కటే. చరణానికీ చరణానికీ మధ్య ఆగినప్పుడల్లా ఆ ఖాళీలోకి మగ్గం నడిచి వచ్చేది. కంప్యూటరు తెర మీద దువ్వెన పళ్లలాగా వరసగా గీతలు లేచేవి. ఇరవై ఆరుసార్లు పాడింది. ఇరవై ఆరుసార్లూ దువ్వెనే.

ఆ తర్వాత మే నెలలో ఒక ఆదివారం, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, కిటికీ తెరిచి పాడింది. శనివారం రేడియోలో వచ్చింది ఆ పాటే.

డోలీనా అత్త తలుపు తోసుకుని వచ్చింది. ఆ ఊళ్లో తలుపు తట్టేది పోలీసులూ, కొత్తగా వచ్చిన పాస్టరూ మాత్రమే. చేతిలో గుడ్ల గిన్నె ఉంది.

"ఆరు తెచ్చాను. ఒకటి దారిలో పగిలింది. అది నా వాటా అనుకో," అంటూ గిన్నె బల్ల మీద పెట్టి, అన్న కూర్చునే కుర్చీలో కూర్చుంది. "మీ నాన్నేడీ?"

"కొట్టంలో."

"కొట్టంలో ఉంటే మగ్గమేదీ?"

"అదే నేనూ వింటున్నా అత్తా."

"విను విను. వినడం నేర్చుకోడానికేగా గ్లాస్గో దాకా వెళ్లావు." ఆమె చల్లారిన టీనే తన కప్పులో పోసుకుంది. "పాట బావుందే పిల్లా. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఏడ్చాను కూడా. నా మొహం చూసి మా పిల్లి దడుచుకుంది."

"థాంక్స్ అత్తా."

"థాంక్స్ సంగతి తర్వాత. ఏ రోజు పాడావు?"

ఎఫీ గుడ్ల గిన్నె తీసి అల్మారాలో పెట్టింది. పెట్టాక అక్కడ చెయ్యడానికి ఇంకేం పని కనపడలేదు. "మే నెలలో."

"నెల అడగలేదు. రోజడిగాను."

ఎఫీ అల్మారా తలుపు మెల్లగా మూసింది.

"నాకు డెబ్బై రెండేళ్లు. ఈ ఊళ్లో మూడు మగ్గాలు. మీ నాన్న టీకి లేస్తే ఇయాన్ వేస్తుంటాడు. ఇయాన్ భోజనానికి లేస్తే మర్డో వేస్తుంటాడు. మూడూ ఒక్కసారి నోరు మూసుకునే రోజు వారానికి ఒకటే. నీ పాటలో చరణం అయిపోయాక చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం ఉంది. అదెక్కడ దొరికిందే నీకు?"

"ఎంతమంది కనిపెట్టారు?"

"రేడియో ఉన్న ప్రతివాళ్లూ. పైగా మూడో చరణం కింద కీర్తన వినబడుతోంది. ఆ రోజు చర్చి కిటికీలన్నీ తెరిచారు. ఏ పనీ కూడని విశ్రాంతి దినాన బట్టలు ఆరేస్తేనే ఈ ఊరు వారం రోజులు మాట్లాడుకుంటుంది. నువ్వు ఏకంగా రికార్డే చేశావు."

"ఆ కీర్తన ఉందని నాకు తెలుసు అత్తా. కావాలనే ఉంచాను. అది నాన్న గొంతు."

డోలీనా చేతిలో కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగింది. ఫిన్లే ముప్ఫై ఏళ్లుగా ఆ చర్చిలో కీర్తన ఎత్తేవాడు. అక్కడ వాయిద్యాలు లేవు. ఒకడు లేచి పంక్తి అందిస్తాడు, జనమంతా వెనక అందుకుంటారు. ఆ ఒక్కడూ ఫిన్లే.

"మీ నాన్న గొంతా?" అని డోలీనా మెల్లగా కప్పు దించింది. కాసేపు మేనకోడలి మొహంలోకి చూసింది. ఎప్పుడూ నోటి చివర ఉండే ఎత్తిపొడుపు ఈసారి రాలేదు. "మిగతాది మీ నాన్ననే అడుగమ్మా. నేను గుడ్లివ్వడానికి వచ్చాను."

ఆమె వెళ్లిపోయింది. టీ సగం కూడా తాగలేదు. డోలీనా కప్పులో టీ మిగల్చడం ఎఫీ అదివరకు చూడలేదు.

కొట్టంలో ఉన్ని నూనె వాసన. ఫిన్లే మగ్గం ముందు పలక మీద కూర్చుని ఉన్నాడు. పడుగు నిండుగా ఉంది, ఎక్కడా తెగలేదు. పేక దారం మోసే నాడె ఆయన చేతిలో ఉంది. దాన్ని వెయ్యడం లేదు, కింద పెట్టడం లేదు.

"దారం తెగిందా నాన్నా?"

"లేదు."

"మరి?"

"వింటున్నా. ఏ చప్పుడూ లేకపోతే ఎలా ఉంటుందో అని. నువ్వు వెతికేది ఇదేగా."

ఎఫీ గుమ్మంలోనే నిలబడింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. చివరికి ఒక్కటే పైకొచ్చింది. "ఆ పాట ఆదివారం పాడాను నాన్నా."

"తెలుసు."

"డోలీనా అత్త చెప్పిందా?"

"డోలీనాకి మొన్న తెలిసింది. నాకు ఐదు వారాలుగా తెలుసు." ఆయన నాడెను ఒళ్లో పెట్టుకున్నాడు. "నన్నడిగితే మగ్గం ఆపేవాణ్ని కదమ్మా. ఒక్క మాట అడిగితే."

దానికి ఎఫీ దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పగలిగేది కాదు. మగ్గం ఆపమని అడగాలంటే ఏ పాటకో చెప్పాలి. ఏ పాటకో చెప్పాలంటే అమ్మ పేరు ఎత్తాలి. ఈ పది నెలల్లో ఆ ఇంట్లో ఇద్దరూ షీనా పేరు పలకలేదు. షీనా కప్పు అని అనాల్సి వస్తే నీలం కప్పు అన్నారు. షీనా గది అని అనాల్సి వస్తే పైగది అన్నారు. తండ్రిని ఒక్క మాట అడగడం కన్నా దేవుడి దగ్గర ఒక ఆదివారం దొంగిలించడం ఎఫీకి తేలికైంది.

"వినిపిస్తావా?" అన్నాడు ఫిన్లే. "రేడియోలో సరిగా వినలేదు. నువ్వు ఎదురుగా ఉన్నావు."

ఇద్దరూ పైకి వెళ్లారు. ఫిన్లే ఆ గదిలో అడుగుపెట్టి పది నెలలు. రాత్రిళ్లు కింద పొయ్యి పక్క బల్ల మీదే పడుకుంటున్నాడు. గుమ్మం దగ్గర కాసేపు ఆగి, తలుపు చెక్కకి కాక మనిషికి చెబుతున్నట్టుగా "సరే" అని లోపలికి వచ్చాడు. బట్టల అరలో తానుల మధ్య మైకునీ, దాని ముందు బిగించిన మేజోడునీ చూశాడు. మంచం అంచున కూర్చుని టోపీ తీశాడు. ఎఫీ హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి సరిచేసింది. చెవులు పెద్దవి, ఒకటి బయటికే ఉండిపోయింది. ఆ చెవిని ఆమె వేలితో మెల్లగా లోపలికి నెట్టింది.

పాట మొదలైంది. ఆమెకు వినబడదు. తెర మీద గీత కదలడం చూసి ఏ మాట దగ్గర ఉందో తెలుస్తుంది.

వాకిట్లో నీ బూట్లు వానకి నిండాయి,
వంపే మనసు రాక పక్కనుంచి నడిచాను.

ఫిన్లే కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం దాటింది. మూడో చరణం దగ్గర ఆయన చూపుడువేలు మోకాలి మీద లేచి, గాల్లో ఆగి, మళ్లీ పడింది. పాట అయిపోయాక కూడా చాలాసేపు హెడ్‌ఫోన్లు తియ్యలేదు. తీశాక వాటిని రెండు చేతుల్లో పట్టుకుని అన్నాడు:

"పాట కింద వినబడేది నేను కాదు ఎఫీ."

"నువ్వే నాన్నా. ఆ ఎత్తు, ఆ..."

"మర్డో. పంక్తి చివర ముక్కుతో లాగుతాడు. విను కావాలంటే."

ఎఫీ ఆయన చేతుల్లోని హెడ్‌ఫోన్లకే ఒక చెవి ఆనించి విన్నది. ఐదు వారాలుగా రోజూ విన్నదే మళ్లీ విన్నది. పంక్తి చివర ముక్కుతో లాగాడు. అవును, అది మర్డోనే. ఊరి చివరి కొట్టంలో నేసే మర్డో, సంఘపెద్ద. నాన్న గొంతు అమ్మ పాటలో ఒక మూల ఉందని, ఉంటుందని, ఇద్దరూ అక్కడైనా కలిసి ఉంటారని ఆమె ఆ ముక్క తీసెయ్యకుండా ఉంచుకుంది.

"మరి నువ్వెక్కడున్నావు?"

ఫిన్లే కిటికీ వైపు చూశాడు. "పాస్టరు కొత్తవాడు. ఆయనకి తెలీదు, ఆయన తప్పు కాదు. మీ అమ్మని తీసుకెళ్లిన రోజు పాడిన కీర్తనే చెప్పాడు. లేచాను. మొదటి పంక్తి అందించాను. రెండోది రాలేదు."

"నాన్నా."

"జనమంతా ఆగిపోయారు. నా కోసం. నూరు మంది ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. నా దగ్గర ఏమీ లేదు. వెనక బల్ల నుంచి మర్డో అందుకున్నాడు. నేను టోపీ తీసుకుని బయటికొచ్చేశాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. వానెప్పుడు వెలిసిందో చెబుతున్నట్టు చెప్పాడు. "ఇంటికొచ్చాను. పొయ్యిలోకి ఎండబెట్టిన పీట్ మట్టి పెళ్లల కుప్ప దగ్గరికి వచ్చేసరికి ఈ కిటికీ తెరిచి ఉంది."

ఎఫీకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "ఎంతసేపు ఉన్నావక్కడ?"

"నువ్వు ఆపేదాకా. మూడుసార్లు పాడావు. రెండోసారి నీకు దగ్గొచ్చింది."

"మరి పిలవలేదేం?"

"నీ మైకులో పడతానేమోనని కదల్లేదు. గాలి లేదు కదా ఆ రోజు, నుసుము దోమలు నన్ను సగం తినేశాయి. తోలుకుందామంటే చెయ్యి చప్పుడు చేస్తుందేమోనని భయం."

ఎఫీకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే అది నవ్వు కాకుండా పోయింది. ఆ సాయంత్రం నాన్న మెడ మీదా చెవుల వెనకా ఎర్రటి దద్దుర్లు చూసి, చర్చి దగ్గర గడ్డిలో కూర్చున్నావా అని వేళాకోళం చేసింది. ఆయన అవునన్నాడు.

"అయితే ఈ ఐదు వారాలూ?"

"చివరి బల్ల మీద కూర్చుంటున్నా. మర్డో పాడుతున్నాడు."

"నేను చర్చికి రాను కదా. నాకెవరూ చెప్పలేదు."

"చెప్పరు. మంచి ఊరు." ఫిన్లే హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చాడు.

కింద వంటింట్లో గడియారం పది కొట్టింది. దూరంగా రెండు మగ్గాలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి.

"తీసెయ్యమంటావా నాన్నా? శుక్రవారం పది పాటలతోనే పంపుతాను."

"నీ పాట. నేనేమీ అనను. అనే హక్కు కూడా లేదు, విశ్రాంతి దినాన నువ్వు పాడితే నేను నిలబడి విన్నాను. నీ తప్పెంతో నాదీ అంతే." ఆయన లేచి, కూర్చున్న చోట దుప్పటి ముడతలు అరచేత్తో సరిచేశాడు. షీనా అలాగే చేసేది. "కానీ నువ్వు దాక్కుని పాడావు. నేను దాక్కుని విన్నాను. షీనాకి దాపరికం గిట్టేది కాదు."

ఆ పేరు గదిలో పడింది. ఇద్దరూ దానికి కాస్త చోటిచ్చారు.

ఎఫీ తెర మీద గీతను చూసింది. చక్కగా కుదిరిన రికార్డు అది. అంత బాగా మళ్లీ రాకపోవచ్చని ఆమెకు తెలుసు. అయినా అందులో నాన్న లేడు. ఆయన బయట, పీట్ కుప్ప పక్కన, నుసుముల మధ్య నిలబడి ఉన్నాడు.

"మళ్లీ పాడతాను," అంది. "పని రోజున. అందరికీ తెలిసేలా."

"రేపు పొద్దున గాలి ఉండదు."

"మూడు మగ్గాలు ఆగాలి నాన్నా."

"నాది నేను ఆపుతాను. ఇయాన్‌ని అడుగుతాను."

"మర్డోని?"

ఫిన్లే టోపీ పెట్టుకున్నాడు. టోపీ సరిచేసుకోడానికి అంతసేపు అక్కర్లేదు. "మర్డోనీ అడగాలి."

ఎఫీ కిటికీలోంచి చూసింది. ఇయాన్ వాకిట్లో తండ్రి చాలాసేపు నిలబడ్డాడు. ఇయాన్ ఏదో అని నవ్వాడు, తర్వాత నవ్వు మానేసి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మర్డో కొట్టం దగ్గర ఫిన్లే గుమ్మం లోపలికి వెళ్లనే లేదు. మగ్గం ఆగలేదు. ఆ చప్పుడు మీదనే ఏదో చెప్పి, జవాబు కోసం కొంచెం ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు," అన్నాడు ఫిన్లే.

మంగళవారం పొద్దున సముద్రం మీద ముడత లేదు. నుసుములు మాత్రం దండుగా దిగాయి. పది కావడానికి ఐదు నిమిషాలుండగా ఇయాన్ కింద నుంచి అరిచాడు: "ఎఫీ! నా మగ్గం నోరు కట్టేశాను. నా కుక్క నోటికి మాత్రం నా పూచీ లేదమ్మోయ్!"

"దానికో ఎముక వెయ్యి ఇయాన్ బాబాయ్!"

"ఎముకేస్తే కొరుకుతుంది, అదింకా చప్పుడు!"

ఎఫీ వంటింట్లో ఫ్రిజ్ ఆపింది. పోయినసారి ఆపి మళ్లీ వెయ్యడం మరిచిపోయి నాన్న దాచుకున్న చేపలన్నీ పాడుచేసింది కాబట్టి, తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది. పైకొచ్చి కిటికీ తెరిచింది. మైకును బట్టల అరలోంచి కిటికీ పక్కకి జరిపింది. ఫిన్లే ఈసారి బయట నిలబడలేదు. గదిలోనే, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పది అయింది. ఫిన్లే మగ్గం లేదు. ఇయాన్ మగ్గం లేదు. మర్డో మగ్గం ఆడుతోంది.

తెర మీద దువ్వెన పళ్లు లేచాయి. సన్నగా, దూరంగా, వరస తప్పకుండా. పది దాటి ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

"అదే ఆయన జవాబేమో నాన్నా," అంది ఎఫీ. "నేను ఆదివారం చేసిన పనికి."

"ఆగు."

"ఆయన సంఘపెద్ద. ఆపితే నన్ను ఒప్పుకున్నట్టవుతుంది."

"ఆగమన్నాను కదమ్మా."

పదిహేను నిమిషాలకి దువ్వెనలో ఒక పన్ను రాలేదు. దాని తర్వాతదీ రాలేదు. గీత నేల మీద పడుకున్నట్టు చదునుగా సాగింది. ఊరి మీద పని రోజున ఎన్నడూ లేని నిశ్శబ్దం దిగింది. ఎక్కడో ఒక గొర్రె దగ్గింది, అంతే. ఇయాన్ కుక్క కూడా ఏదో అర్థమైనట్టు ఊరుకుంది.

మగ్గం మళ్లీ మొదలవుతుందేమోనని నాలుగు నిమిషాలు చూసి ఎఫీ మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. పాట మొదలుపెట్టే ముందు పది లెక్కపెట్టడం ఆమె అలవాటు. ఆ పదీ ఖాళీ గదిని రికార్డు చేస్తుంది. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఒకటి. రెండు. ఆరు దగ్గర మెట్ల మీద అడుగులు వినబడ్డాయి.

మర్డో గుమ్మంలో నిలబడ్డాడు. స్వెట్టరు నిండా ఉన్ని నూగు. దూరం నుంచి గబగబా నడిచి వచ్చినట్టు ఊపిరి బరువుగా ఉంది. ఎఫీ వైపు తలూపాడు. ఎర్ర దీపం చూశాడు. దాని సంగతి ఆయనకు తెలియదు.

"ఆపాను ఫిన్లే," అన్నాడు. "ఊరికే ఆపలేదు."

ఫిన్లే గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "పిల్లది చేసిందానికి నన్నడుగు మర్డో. దాన్ని కాదు."

"పిల్లదాని ఆదివారం పిల్లదానికీ దేవుడికీ మధ్య. నేను దాని కోసం రాలేదు." మర్డో నుదురు తుడుచుకున్నాడు. "ఐదు వారాలుగా జనం నా గొంతు పట్టుకుని కీర్తన పాడుతున్నారు. నా గొంతు సంగతి నాకు తెలీదా? మా ఆవిడే రెండు బల్లలు వెనక్కి జరిగింది. నువ్వేమో చివర కూర్చుని నేల చూస్తావు. లేవలేకపోతున్నావంటే అర్థం చేసుకున్నాను. కానీ నిన్న నా గుమ్మం దగ్గరికి వచ్చి, నీ కూతురు పాడుకోడానికి నిశ్శబ్దం కావాలని అడిగావు. నీ నోటితో నువ్వే అడిగావు. అడగడానికి గొంతు వచ్చింది కదా నీకు?"

ఫిన్లే చెయ్యి టోపీ అంచు మీదికి వెళ్లింది.

"ఈ పూటంతా నా మగ్గం ఆగి ఉంటుంది. రేపు కావాలంటే రేపూ ఆపుతాను. బదులుగా వచ్చే ఆదివారం నువ్వు లేవాలి. లేస్తావా, లేదా? లేవనంటే ఇప్పుడే వెళ్లి నాడె వేస్తాను. ఆ తర్వాత ఈ పిల్ల పాట ఎప్పుడు పాడుకుంటుందో నాకు తెలీదు. చెప్పు."

మర్డో ఆగాడు. ఆయన మాటలకి ఎగిరెగిరి పడ్డ గీత తెర మీద మళ్లీ పడుకుంది. ఎఫీ వేలు ఆపే మీట మీదికి వెళ్లి, నొక్కకుండా అక్కడే ఉండిపోయింది. తండ్రి మొహంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తెరనే చూస్తోంది. కాబట్టి ఆయన టోపీ తియ్యడం ఆమె చూడలేదు, మంచం మీద పెట్టిన మెత్తటి చప్పుడు మాత్రం విన్నది. తర్వాత ఆయన ఊపిరి తీసుకోవడం వినబడింది. మాటకి అంత ఊపిరి అక్కర్లేదు.

ఆ ఆదివారం రాని రెండో పంక్తితో తెర మీద గీత లేచింది.